హషర్‌కి పిలవని మనిషి

మహ్లియో ఆకుపచ్చ చొక్కాకి అంటిన మట్టి ఓ పట్టాన వదల్లేదు. హిలోలా మళ్ళీ సబ్బు రాసి, మెడపట్టీ దగ్గర బొటనవేళ్ళతో నలుపుతోంది. వెనకాల వసారాలో అత్తగారు సనోబర్ కూతురు మహ్లియో కాళ్ళ కింద దిండు సర్దుతూ, "అరిచేతులెలా బొబ్బలెక్కాయో చూడు! పరాయి ముసలావిడ గోడ కోసం ఇంత కష్టపడే పిల్ల మర్గిలాన్ మొత్తంలో ఇంకొకతె ఉందా? హిలోలా, కాస్త వేడిగా టీ పట్టుకురామ్మా. పిల్ల అలిసిపోయి వచ్చింది" అంది.

హిలోలా చేతులు తుడుచుకుని లేచింది. ఆమె మణికట్టు నుంచి మోచేతి దాకా తందూరు కాల్చిన మచ్చలున్నాయి. పొద్దున కాలింది ఇంకా మండుతోంది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి రొట్టెలు కాల్చే చేతులవి. వాటిని పట్టుకుని అయ్యో అన్నవాళ్ళు లేరు.

మహ్లియో చెడ్డపిల్ల అయితే ఎంత బావుండేది. కాదు. ఫెర్గానాలో డిగ్రీ చదువుతూ, శనివారం వచ్చేసరికి స్నేహితుల్ని వెంటేసుకుని పేటలో దిక్కులేని ముసలివాళ్ళ ఇళ్ళు బాగుచేస్తుంది. హషర్ అని పిలుపు అందిస్తే నలుగురూ చేరి కూలి ముట్టకుండా పని చేసిపెట్టాలి, అది అక్కడి ఆనవాయితీ. ఇప్పుడు హోసియత్ అవ్వ ప్రహరీ గోడ లేపుతున్నారు. వానలకి కూలిపోతే ఆవిడ ఒంటరిగా, భయంభయంగా బతుకుతోంది. మంచి పనే. మంచి పని చేసేవాళ్ళమీద అసూయ పడటమంత అవమానం ఇంకోటి లేదని హిలోలాకి తెలుసు. తెలిసినా టీలో పంచదార వెయ్యడం కావాలనే మర్చిపోయింది. మహ్లియో తాగి, "అబ్బ, ప్రాణం లేచొచ్చింది వదినా" అంది. ఆ మాట ఇంకా మండించింది.

కిందటి వారం అవ్వ ఇంట్లో మసిబారిన డేగిసా మహ్లియో తోముతుంటే ఎవరో ఫోటో తీశారు. రాత్రి భోజనాల దగ్గర హిలోలా భర్త బహ్రోమ్ ఆ ఫోటో అందరికీ చూపించాడు. "నా చెల్లెలు! గిన్నె తోముతోంది చూశారా, ఎంత నామోషీ లేని పిల్లో!" అప్పుడు అతను తింటున్న మాంసం పులుసు, షూర్పా, కాగిన గిన్నె, అంతే నల్లగా, హిలోలా కోసం పెరట్లో ఎదురుచూస్తోంది. తన భర్తకి గిన్నె తోమడం గొప్పగా కనిపించగలదని ఆమెకి ఆ పూటే తెలిసింది.

"నేనూ ఒక శనివారం వెళ్ళొస్తానండీ" అంది ధైర్యం చేసి.

"నువ్వా? ఇంట్లో పని చాలట్లేదా?" నవ్వుతూనే అన్నాడు.

"కోడలు పరాయింటి గోడకి మట్టి పూస్తే, అత్త ఇంట్లో తిండి పెట్టట్లేదేమో అనుకుంటారు జనం" అంది సనోబర్. గోడ కట్టేవాళ్ళకి షూర్పా, రొట్టెలు మాత్రం ఆ తర్వాతి శనివారం నుంచి హిలోలా పొయ్యిమీదికొచ్చాయి.

అంతకుముందు ఒక శనివారం మహ్లియో తలనొప్పిగా ఉందని దుప్పటి తియ్యలేదు. "పడుకోనివ్వండి పాపం" అని అందరూ గొంతులు తగ్గించుకున్నారు. పిండి పిసుకుతున్న హిలోలాకి ఏదో గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్నది పొగడ్తకి అనుకుంది. కాదు. మహ్లియో ఆ పని మానేయగలదు. మానేసినా మంచిపిల్లే. మానేయగల మనిషి చేస్తే సేవ అంటారు. మానలేని మనిషి చేస్తే దానికి పేరే లేదు.

ఆ మట్టి చొక్కా ఉతికిన మరుసటి శనివారం మధ్యాహ్నం, తోపుడు బండిమీద షూర్పా డేగిసా పెట్టుకుని హిలోలా హోసియత్ అవ్వ వీధిలోకి తిరిగింది. సంతనుంచి వస్తున్న పొరుగింటి ఆయన గోడమీదున్న పిల్లల్ని చూసి, "హోర్మాంగ్!" అని కేకేశాడు. అలసట దరిచేరకూడదని, కష్టపడేవాళ్ళు కనబడితే ఆ ఊళ్ళో ఎవరైనా అనే మాట. పైనుంచి మహ్లియో నవ్వుతూ చెయ్యి ఊపింది. ఆయన అదే నవ్వుతో బండివైపు తిరిగి, "షూర్పాలో ఉప్పు చూశావా అమ్మాయ్? పోయినసారి చప్పగా ఉందట" అన్నాడు.

సనోబర్, బహ్రోమ్ కూడా వచ్చి కూర్చున్నాక భోజనాలయ్యాయి. గోడ ఇంకా సగమే లేచింది. పేట పెద్ద ఎర్గష్ తాత మిగతా పని గురించి మాట్లాడుతుంటే సనోబర్ లేచి నిలబడింది. "హషర్ ముగిసేదాకా ప్రతి శనివారం తిండి మా ఇంటినుంచే!" అంది. చప్పట్లు కొట్టారు. బహ్రోమ్ తల్లి వంక గర్వంగా చూశాడు.

ఎర్గష్ తాతకి ఒక పట్టింపు. మాట ఇచ్చినవాళ్ళని "మనసారానేనా?" అని అందరి ముందూ అడుగుతాడు. మనసు లేని చెయ్యి హషర్‌కి పనికిరాదంటాడు.

"మనసారా!" అంది సనోబర్ ఆయన అడక్కముందే.

తాత గడ్డం నిమురుకుంటూ, "సరే, వండే చెయ్యిని కూడా అడగొద్దూ? ఏమ్మా కోడలా, మనసారానేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ జవాబు ఎలాగూ తెలిసిందే కదా.

హిలోలా ఎంగిలి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. తెలిసిన జవాబు నోటిదాకా వచ్చింది. దాన్ని మింగింది.

"కాదు తాతా" అంది.

నవ్వు అందరి మొహాలమీంచీ ఒక్కసారే పోలేదు. "హాస్యమాడుతోంది" అంది సనోబర్.

"హాస్యం కాదత్తయ్యా. ఇన్నాళ్ళూ నన్నెవరూ అడగలేదు. తాత అడిగారు కనక చెబుతున్నాను. వచ్చే శనివారం నేను గోడకి మట్టి పూస్తాను. అదైతే మనసారా."

మహ్లియో నోరు తెరుచుకుని చూస్తోంది. బహ్రోమ్ గొంతు తగ్గించి, "మరి తిండి?" అన్నాడు.

"అత్తయ్య మాటిచ్చారుగా" అంది హిలోలా. "మనసారా అని కూడా అన్నారు."