కూర్చున్నవాళ్ల లెక్క

సముద్రం నీళ్లు పులికాట్ సరస్సులోకి వచ్చే దారిని మేం నోరు అంటాం. ఆ నీళ్లతోనే రొయ్య పిల్ల లోపలికి వస్తుంది, దాంతోనే మా పొయ్యి వెలుగుతుంది. అరవై మూడులో ఆ నోటికి ఇసుక అడ్డం పడింది. ఊరంతా పారలు పట్టుకుంటే తెగుతుంది, ఆలస్యం చేస్తే పూడిపోతుంది. పడవల మీద ప్రతివాడూ ఈ మాట అన్నవాడే. మా బావమరిది మాల్యాద్రి అయితే నాకంటే గట్టిగా అన్నాడు.

ఊరి పెద్ద పోలేరయ్య మాత్రం, వానలు పడితే అదే తెగుతుంది, ఎవరూ పార ముట్టొద్దన్నాడు. మా కూటంలో ఒక పద్ధతి ఉంది. పెద్ద చెప్పిన మాట కాదనేవాడు లేచి నిలబడాలి. కూర్చున్నవాళ్లంతా ఒప్పుకున్నట్టే లెక్క.

నేను లేచాను. వెనక్కి తిరిగి చూస్తే మాల్యాద్రి పుల్లతో ఇసుకలో గీతలు గీసుకుంటున్నాడు.

"ఏందబ్బా, కాళ్లు తిమ్మిరెక్కినాయా?" అన్నాడు పోలేరయ్య.

అందరూ నవ్వారు. పడవల మీద నాకు వంతపాడినవాళ్లే ఎక్కువ నవ్వారు.

మర్నాడు పార భుజాన వేసుకుని ఒక్కడినే పోయాను. తవ్వినంత మేరా అల వచ్చి పూడ్చింది. అలిసి కూలబడితే ఎదురుగా నీళ్ల మీద గూడబాతుల గుంపు. ఒకటి లేచి, చుట్టు తిరిగి, ఎవరూ రాకపోతే మళ్లీ వచ్చి వాలింది. దాన్ని చూసి ఏదీ నవ్వలేదు. కాసేపటికి ఇంకోటి లేచింది. దాని వెంట రెండు, ఆపైన అయిదారు, తర్వాత గుంపంతా. వాటికి ఏ పెద్ద చెప్పాడు? పిట్టపాటి బుద్ధి లేదు మాకు. సరస్సు నోటికంటే ముందు మా నోళ్లే పూడిపోయాయి.

వానలు రాలేదు. నీళ్లు ఇగిరి, చేపలు వెల్లకిలా తేలాయి. నా భార్య నాగులమ్మ వల చుట్టి అటకెక్కించింది. ఊళ్లో సగం మందిమి చిల్లకూరులో బావుల కింది పొలాల్లో నారు పీకే కూలికి పోయాం.

ఒకరోజు మడిలో నా పక్కనే వంగి ఉన్న మాల్యాద్రి గొంతు తగ్గించి అన్నాడు.

"ఆ పొద్దు నువ్వు చెప్పిందే నిజం బావా. నాకు తెలుసు."

పోలేరయ్య కూడా అదే మడిలో, కాస్త అవతల వంగి ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఆ మాట లేచి నిలబడి చెప్పరా," అన్నాను.

మాల్యాద్రి నడుం ఎత్తలేదు. ఇంకో పిడికెడు నారు పీకి, వేళ్లకు అంటిన బురద నీళ్లలో జాడించుకుంటూ ఉండిపోయాడు.