కండ పెంచుతానని వచ్చిన డబ్బా

నేను ఒక పొడి డబ్బాను. నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. పాలు విరిగితే మీరు పారబోసే తేటనీళ్ళున్నాయే, వాటినే ఓ కర్మాగారంలో ఎండబెట్టి, పొడి చేసి, వెనిల్లా వాసన కలిపి నాలో నింపారు. నా పొట్ట మీద ఒక వస్తాదు బొమ్మ అంటించారు. అతగాడు జన్మలో నన్ను ఒక్క చెంచా కూడా తాగి ఉండడు.

సామర్లకోటలో మందుల షాపు అరలోంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నది వెంకాయమ్మ. ఆమె భర్త పేర్రాజు దర్జీ. నలభై ఏళ్ళు కాళ్ళతో మిషను తొక్కిన మనిషి. ఇప్పుడు గుండె బలహీనపడింది, దాంతోపాటు తొడల్లో కండ కరిగిపోయింది. కుర్చీలోంచి లేవాలంటే వెంకాయమ్మ చంకల కింద చేతులేసి లేపాలి. ఇలాగే కరిగితే ఇక మంచం దిగలేడని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఆయన మధ్యాహ్నం కునుకు తీసినా ఆమె పక్కన కూర్చుని ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటోంది.

రోజుకు లీటరున్నరకు మించి నీళ్ళు తాగకూడదని కూడా డాక్టరు చెప్పాడు. వెంకాయమ్మ సీసాతో కొలిచి మరీ ఇచ్చేది. సీసాకు తాళం ఒక్కటే వేయలేదు. ఆ సీసా పక్కనే పెద్ద స్టీలు గ్లాసెడు పాలలో నన్ను కలిపి రోజుకు మూడుసార్లు పట్టించేది. రోజుకు ఒక్క చెంచా చాలని నా వీపు మీద చీమల్లాంటి అక్షరాల్లో ఉంది. అవి ఎవరు చదువుతారు? మనుషులకు వస్తాదు బొమ్మ చాలు.

పది రోజుల్లో అద్భుతం జరిగింది. పక్కింటి సత్యవేణి వచ్చి ముక్కున వేలేసుకుంది.

“బాబాయిగారు ఎంత ఒళ్ళు చేశారు పిన్నిగారూ! ఆ డబ్బా పేరేంటో చెప్పండి, మా ఆయనక్కూడా పట్టిస్తాను.”

“మీ ఆయనకెందుకే? ఇప్పటికే గుమ్మంలో పట్టట్లేదు” అంది వెంకాయమ్మ. ఆమె నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

టేపు తెచ్చి పిక్క కొలిచారు. అంగుళమున్నర పెరిగింది. అరలో నేను ఉబ్బిపోయాను. వస్తాదు కంటే నేనే గొప్పని తేల్చుకున్నాను.

పేర్రాజు మాత్రం బొటనవేలితో పిక్క నొక్కి తీశాడు. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

“ఊళ్ళో సగంమంది ఒళ్ళు కొలిచినోణ్ణి. ఇది కండ కాదే. నీరు.”

“నీళ్ళు కొలిచే ఇస్తున్నాను కదండీ!”

“ఏదీ, లేపు చూద్దాం.”

ఆమె బలమంతా పెట్టినా ఆయన లేవలేదు. ఆమె నేలమీద కూలబడి, ఉబ్బిన ఆ పాదాలు పట్టుకుని ఏడ్చింది. నా ఘనకార్యం అది.

నన్ను కూడా సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడి డైటీషియనమ్మ నన్ను చూసి, గ్లాసు కొలత విని తల పట్టుకుంది.

“పాలు లెక్కలో వేయలేదా అమ్మా?”

“పాలు నీళ్ళెలా అవుతాయమ్మా?”

“పాలలో చాలావరకు నీళ్ళే.”

“మా పాలవాడు పోసేవైతే మొత్తం అవే” అన్నాడు పేర్రాజు ఆయాసపడుతూనే.

మాత్రలతో నీరు తీశారు. నన్ను రోజుకొక్క చెంచా పప్పులోనో ఇడ్లీ పిండిలోనో కలపమన్నారు. పొడి ఒక్కటే కండ కట్టదనీ, రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవడం అలవాటు చేయాలనీ చెప్పారు. వస్తాదును మోసుకు తిరిగే నేను చివరికి బీరకాయ పప్పులో కలిశాను. ఇంతకంటే అవమానం ఉంటుందా?

మొదటిరోజు ఆయన కుర్చీ చేతులు పట్టుకుని జానెడు లేచి పడిపోయాడు. ఆమె చేతులు చాచింది.

“ముట్టుకోకు.”

“ముట్టుకోవట్లేదండీ. గాలిని పట్టుకున్నాను.”

అలా రెండు నెలలు ఆమె గాలిని పట్టుకుంది. ఈలోగా నేను ఖాళీ అయిపోయాను. ఓ పొద్దున చెత్తబండి పాట వినిపించింది. వెంకాయమ్మ చేతులు పిండిలో ఉన్నాయి.

“ఉండండి, వస్తున్నాను.”

“నువ్వుండవే.”

ఆయన ఒకసారి ప్రయత్నించాడు. రెండోసారి సగందాకా లేచి కూర్చుండిపోయాడు. మూడోసారి లేచి నిలబడ్డాడు. నన్ను చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ గేటు దాకా నడిచి, నన్ను బండిలోకి విసిరేశాడు. ఆయన పిక్కలు సన్నగా ఉన్నాయి, కానీ అవి ఆయనవే.

పిండి చేతులతోనే ఆమె గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. ఆయన అక్కడ నిలబడి ఉండటం చూసి, కళ్ళనిండా నీళ్ళతో కేకలేసింది.

“అయ్యో, డబ్బా పారేశారా! ఆవాలు పోసుకుందామనుకున్నానండీ! చెప్పాపెట్టకుండా పారేయడమేనా?”

బండి కదిలింది. వీధి చివరిదాకా ఆ తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. తిట్టించుకోవడానికి మనిషి నిలబడే ఉన్నాడు మరి.