జేబులో ఉండిపోయిన పళ్ళు

నేను ఒక పళ్ళ సెట్టును. పైన పధ్నాలుగు, కింద పధ్నాలుగు, గులాబిరంగు చిగుళ్ళు. మద్రాసు పాండీ బజారులో ఒక పళ్ళ డాక్టరు నన్ను తయారుచేశాడు. నలభై ఏళ్ళు ఒక సినిమా నటుడి నోట్లో కాపురం చేశాను. అయినా తెర మీద నన్ను చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆయన పేరు కొల్లూరి సత్యలింగం. పాలకొల్లు నాటకాల్లో రాజు వేషాలు కట్టిన మనిషి. మద్రాసులో గుర్రాలూ తుపాకులూ టోపీల సినిమాలు జోరుగా తీస్తున్న రోజుల్లో, హీరో వెంట గాడిద మీద తిరిగే బోసినోటి ముసలాడి వేషం ఖాళీగా ఉందని తెలిసింది. అప్పటికి లింగానికి ముప్ఫై రెండేళ్ళు. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. ఈయన రాయి కూడా వెతకలేదు. నేరుగా డాక్టరు కుర్చీలో కూర్చుని, చెరుకుగడ చీల్చి తినే గట్టి పళ్ళన్నీ పీకించుకున్నాడు. "ఈ ఒక్క సినిమాకే మాణిక్యం, తరవాత మంచి వేషాలేస్తాను" అని భార్యకు చెప్పాడు. ఆ తరవాతి కోసమే నన్ను చేయించాడు.

సినిమా ఆడింది. అదే కొంప ముంచింది. బోసి లింగం అన్న పేరు అతుక్కుపోయింది. నలభై మూడు సినిమాల్లో హీరోలు మారారు, గాడిదలు మారాయి, ఆ నోరు మాత్రం మారలేదు. కెమెరా తిరిగే ముందు నన్ను తీసి, చేతిరుమాల్లో చుట్టి, జేబులో వేసుకునేవాడు. ఇంటికొచ్చాక పెట్టుకుని అద్దం ముందు పాత రాజు పద్యాలు చదివేవాడు. నిజం చెప్పొద్దూ, మేమిద్దరం చాలా బాగుండేవాళ్ళం.

గుర్రాల సినిమాల మోజు తీరాక ఏళ్ళ తరబడి ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు. చివరికి ఒక కబురొచ్చింది. హెడ్మాస్టరు వేషం, చనిపోయిన కూతురి ఉత్తరం చదివే సీను. పదకొండు రోజులు నాతో సాధన చేశాడు. మొదటి టేకు అవగానే డైరెక్టరు దగ్గరికొచ్చాడు.

"లింగంగారూ, ఎవరో కొత్తాయన్లా ఉన్నారండీ. ఆ పళ్ళు తీసెయ్యండి."

"ఏడుపు సీను కద బాబూ. ఈ ఒక్కసారికి ఉండనియ్యండి."

"బోసినోరు కనిపిస్తేనే గదండీ మీరని జనానికి తెలిసేది."

ఆయన చేతిరుమాలు తీశాడు. ఆ సినిమా విడుదలయ్యాక భార్యతో కలిసి హాలుకు వెళ్ళాడు. తెర మీద లింగం ఉత్తరం విప్పి నోరు తెరవగానే హాలంతా గొల్లున నవ్వింది. సీట్లో కూర్చున్న ఆయన నన్ను ఎంత గట్టిగా కొరికాడో నాకే తెలుసు. ఆ తరవాత ఎప్పుడూ అద్దం ముందు పద్యం చదవలేదు.

మొన్న మాఘంలో ఆయన పోయాడు. మాణిక్యం నన్ను కడిగి, తుడిచి, ఆయన నోట్లో అమర్చింది. అచ్చం హెడ్మాస్టరులా ఉన్నాడు. నటుల సంఘం నుంచి వచ్చినాయన దండ వేసి, ఆమె వైపు వంగాడు.

"అమ్మా, పేపరువాళ్ళు ఫోటోకి వచ్చారు. ఇలా ఉంటే ఆయనేనా అంటున్నారు."

"పళ్ళు లేకండా గుమ్మం దిగే మనిషి కాదు బాబూ."

"అయితే ఫోటో వెయ్యరమ్మా మరి."

ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోతాడేమోనని భయపడింది, పిచ్చితల్లి. తన చేత్తోనే నన్ను తీసి కొంగున ముడేసుకుంది. బుగ్గలు లోపలికి పోయాయి. "ఒరే, మన బోసి లింగం రా!" అన్నారెవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

ఫోటోలు అయ్యాక నన్ను మళ్ళీ పెడదామని మాణిక్యం కొంగు ముడి విప్పుతూనే ఉంది. ఈలోగా పాడె లేచింది.

ఇప్పుడు వంటింటి అలమారలో గాజు గ్లాసులో ఉన్నాను. ఆమె రోజూ నీళ్ళు మారుస్తుంది.