తూర్పుకు సాగిన చుక్క

దగ్గరికి జరగండర్రా, ఆ కుర్చీ ఇటు లాక్కోండి. ఎల్బా సంగతి చెబుతాను. ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు.

శాంతియాగో నగరంలోని వేధశాలలో ఎల్బా పనల్లా చూడటమే. ఉత్తరాన ఎడారి కొండ మీద రాత్రి ఆకాశాన్ని ఫొటో తీసిన గాజు పలకలు చెక్కపెట్టెలో, దూది మధ్యన, పొద్దున్నే బస్సు దిగేవి. ఆ పలకల మీద ఆకాశం తెల్లగా, నక్షత్రాలు నల్లగా ఉంటాయి. పాత పలకను, కొత్త పలకను యంత్రంలో పెడితే అవి ఒకదాని వెంట ఒకటి కంటి ముందు మారుతుంటాయి. రెండింటిలోనూ ఉన్న చుక్క కదలదు. కొత్తగా వచ్చినది మాత్రం రెప్పలు కొట్టినట్టు మెరిసి మాయమవుతుంది. ఎక్కడో ఏ గెలాక్సీలోనో పేలిపోయిన నక్షత్రం అది. సూపర్‌నోవా అంటారు.

కొత్త చుక్క అదే రాత్రి తీసిన రెండు పలకల మీదా కనబడితే తప్ప నోరెత్తకూడదు, అదీ అక్కడి కట్టుబాటు. అంతకు రెండేళ్ల ముందు ఎల్బా ఒక్క పలకనే నమ్మి కేక పెట్టింది. పెద్ద టెలిస్కోపును అటు తిప్పారు. తీరా చూస్తే అది గాజుకంటిన దుమ్ము. అప్పటినుంచి భోజనాల గదిలో వేళాకోళమే. "ఎల్బా, ఇదిగో నా రొట్టె మీద కూడా ఏదో పేలింది, చూసిపెట్టు!"

ఆ గురువారం వచ్చింది ఒక్క పలకే. రెండోది తీసేలోపు మబ్బు కమ్మింది. వచ్చిన ఒక్కటీ పాడైనదే. ప్రతి చుక్కా తూర్పుకు గీతలా సాగిపోయి ఉంది. ఎల్బా దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తుండగానే ఫోను మోగింది.

"అమ్మాయ్, పలక చూశావా?"

నోల్బెర్తో గొంతు. పలక మీద వెలుగు పడుతున్నంతసేపూ టెలిస్కోపు పక్కన కూర్చుని, ఒక నక్షత్రాన్ని కంటి అద్దంలోని రెండు దారాలు కలిసే చోట కదలకుండా నిలపడమే ఆయన ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ చలిలో అదే పని. ఎల్బాకు చుక్కను, దుమ్మును వేరుచేసి చూడటం నేర్పింది కూడా ఆయనే.

"చూశాను బాబాయ్. కునుకు పట్టిందా?"

"రెండు నిమిషాలు. ఒట్టు, రెండే. ఆ పలక బస్సులో పగిలిందని రాసెయ్ తల్లీ. గాజే కదా, పగలదా ఏం?"

"మన పెద్దాయన, డాక్టర్ ఇతుర్రా అడిగితే?"

"ఆయన చూస్తేనే నా పని అయిపోయేది. 'కళ్లు అలిసిపోయాయి నోల్బెర్తోగారూ, ఇంకోసారి ఇలా జరిగితే కిందికి దింపేస్తా' అని మొన్ననే అన్నాడు. కిందికొచ్చి నేనేం చెయ్యను? గేటు పట్టుకుని నక్షత్రాలు చూడనా?"

"సరేలే బాబాయ్. పడుకో."

సరే అంది, పారేయడానికి పలక చేతిలోకి కూడా తీసుకుంది. చెయ్యి అలవాటు కదా, ఒక్కసారి యంత్రంలో పెట్టి చూసింది. ఒక మసక గెలాక్సీ అంచున చుక్క రెప్ప కొట్టింది.

దుమ్మే అనుకుంది. భూతద్దం పెట్టింది. దుమ్మయితే గుండ్రంగా ఉండాలి. ఇది పక్క నక్షత్రాలతో పాటు, వాటంత పొడవునే, తూర్పుకు సాగింది. అంటే ఇది ఆకాశం నుంచి పడ్డ వెలుగే. పలక బాగా వచ్చి ఉంటే ఆమె నమ్మేది కాదు, ఇంకెవరూ నమ్మేవారు కాదు. నోల్బెర్తో కునుకే దానికి సాక్ష్యం.

వాళ్లకు పెద్ద టెలిస్కోపు దొరికేది ఆ ఒక్క రాత్రికే. ఐదింటిలోగా కబురు చెప్పాలి. మళ్లీ మూడు వారాలకు గానీ వంతు రాదు, అప్పటికి చుక్క వాడిపోతుంది. పలక చూపించకుండా చెబితే దుమ్ము ఎల్బా మాట ఎవరు వింటారు? చూపిస్తే బాబాయ్ కొండ దిగాలి.

నాలుగున్నరకు కొండకు ఫోను చేసింది. వంటావిడ ఎత్తింది.

"నిద్రపోతున్నాడమ్మా. లేపనా?"

ఎల్బా ఫోను తీగను వేలికి చుట్టుకుంది.

"వద్దులే. పడుకోనీ."

పలక పట్టుకుని ఇతుర్రా గదికి వెళ్లింది. ఆయన చాలాసేపు చూశాడు.

"తిరిగే చిన్న గ్రహమేమో?"

"అటువైపు అవి నడవవు డాక్టరుగారూ."

"గాలికి ఊగి ఇలా సాగిందా?" అన్నాడాయన, తలెత్తకుండానే.

అవునంటే సరిపోయేది. ఎల్బా భూతద్దం ఆయన ముందుకు జరిపింది.

"గాలికైతే అన్ని వైపులకూ చెదురుతుంది," అని ఆయనే అనుకుని ఫోను అందుకున్నాడు.

మర్నాడు పెద్ద టెలిస్కోపు నుంచి ఆ చుక్క వెలుగు వర్ణపటం కాగితం మీద వచ్చింది, ఎగుడుదిగుడు గీత. హైడ్రోజన్ జాడ లేదు. సిలికాన్ గుర్తుగా లోతైన గుంట. మొదటి రకం పేలుడన్నమాట. అలాంటివి దాదాపు ఒకే వెలుగుతో పేలతాయి కనుక వాటితో గెలాక్సీల దూరాలు కొలుస్తారు. వాళ్లు ఏళ్ల తరబడి వెతుకుతున్నది దానికోసమే. భోజనాల గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఎల్బా టీ కప్పు అలాగే చల్లారిపోయింది.

తర్వాతి వారం పలకలు వచ్చిన బస్సులోనే నోల్బెర్తో కూడా దిగాడు. ఆయనకు గేటు దగ్గర పని ఇచ్చారు. పదకొండు రోజులు ఎల్బాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు గేటు తీస్తూ అడిగాడు.

"ఏ రకమట?"

"మొదటి రకం బాబాయ్."

"అయితే నేను మొదటి రకం కునుకే తీశానన్నమాట!" అని నవ్వాడు. ఆయన ఒక్కడే నవ్వాడు.

"ఆ రోజు లేపి అడిగి ఉంటే ఏమనేవాడివి?"

నోల్బెర్తో తాళాల గుత్తి చేతులు మార్చుకున్నాడు. "అది ఆ రోజు అడగాల్సింది అమ్మాయ్."

ప్రకటన కాగితంలో గెలాక్సీ అంకె, తేదీ, ఎల్బా పేరు అచ్చయ్యాయి. బాబాయ్ పేరు కూడా వేయమని ఆమె అడిగింది. నిద్రపోయినవాడి పేరు రాసే గడి ఆ కాగితంలో లేదన్నారు.

అందుకే మీకు చెబుతున్నాను. గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకు చెప్పండి. చెప్పేటప్పుడు నోల్బెర్తో పేరు ముందు చెప్పండి, ఆయన కునికిన రెండు నిమిషాలూ చెప్పండి. లేపొద్దని ఎల్బా అన్న మాట మాత్రం దాచకండి. దాన్ని దాచొద్దని ఎల్బాయే అడిగింది.