మొసళ్ల బండ

ఎండాకాలం గోదావరి సన్నబడితే నడుమ నల్లరాతి దీవి తేలుతుంది. దాన్ని మొసళ్ల బండ అంటారు. లింగారావు దొర ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన ఇంజనీరు దాన్ని చూస్తానన్నాడు. పడవ తీయమంటే బెస్త మొగవాళ్లంతా జ్వరమన్నారు. కిష్టవ్వ తానే గడ పట్టింది.

"మొగడు పోయినా ధైర్యం పోలేదే నీకు!" దొర నవ్వాడు.

"కడుపు ఊకుంటదా, దొరా!"

పోయినేడు ఇదే బండ దగ్గర దొర ఒక మొసలిని కాల్చాడు. అది చచ్చిందో లేదో చూడకుండానే "దిగి ఈడ్చుకరా" అని కిష్టవ్వ మొగుడు బాలమల్లును నీళ్లలోకి దింపాడు. పైకి తేలింది తలగుడ్డ ఒక్కటే. ఊళ్లో మాత్రం దొర, బాలమల్లు తాగి పడ్డాడన్నాడు. అత్త భూమవ్వ అదే నమ్మింది. "నా కొడుకును తాగుబోతును జేసి సంపినవు" అంటూ ముద్ద ముద్దకూ కిష్టవ్వను పొడిచేది.

బండ మీద మొసళ్లు నోళ్లు తెరుచుకుని ఎండకు పడుకున్నాయి. వాటి పక్కనే కొంగలు జంకూ గొంకూ లేకుండా తిరుగుతున్నాయి. ఇంజనీరు కళ్ల మీంచి దుర్బిణీ దించడం లేదు.

"ఈ రాయి ఒకప్పుడు భూమి లోపలి నిప్పు. పొంగి గడ్డకట్టింది" అన్నాడు.

పొంగి గడ్డకట్టిన నిప్పు ఎట్లుంటదో కిష్టవ్వకు ఒకరు చెప్పనక్కరలేదు.

దొర ఒక్కడే తుపాకీతో బండ మీదికి దిగాడు. తూటాల సంచీ పడవలోనే ఉండిపోయింది. తన సంచీ తాను మోయడం ఆయన పుట్టి ఎరగడు. కాల్చిన రెండు గుండ్లూ తప్పిపోయాయి. మొసళ్లు దబదబా నీళ్లలోకి జారాయి. వెనక్కి తిరిగి చూస్తే పడవ దూరంగా ఉంది.

"ఏయ్, ఇటు తే!"

"జర ఆగుండ్రి దొరా. నా మొగడు నీళ్లల్లకు ఎట్ల పోయిండో సారుకు చెప్పుండ్రి."

"తాగి పడ్డడే!"

కిష్టవ్వ ఇంకో గడ దూరం జరిపింది. బండ కింద నీళ్ల మీద రెండు కండ్లు తేలాయి.

"నేనే దింపిన! వాడు తాగలే! వద్దు వద్దన్నా నేనే దింపిన!"

ఇంజనీరు దుర్బిణీ దించాడు. "చెప్పాడు కదమ్మా. పడవ తిప్పు."

"చెప్తే ఎక్కించుకుంటనన్ననా, సారూ?"

ఒడ్డు చేరాక, విన్నదంతా అత్తకు ఇంజనీరు చేతనే చెప్పించింది. వల ఆరబెడుతున్న భూమవ్వ కదలకుండా విన్నది.

"తొందరగా ఎవరైనా వెళ్లండి!" అని అరిచాడు ఇంజనీరు.

భూమవ్వ లేచి వచ్చి, కోడలి చేతిలోని గడను తీసుకుని ఇసుకలో పడేసింది. దాని మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.