వేలు తీశావా?

మూడో నంబరు స్థలం చుట్టూ కాలువలో పేరుకున్న ఆకులు ఎత్తిపోసి, పారకు అంటుకున్న బంకమట్టిని రాయి అంచుకేసి గీకి, పెద్దావిడ నాలుగో నంబరుకు వచ్చింది. పొద్దున్నుంచి మోటారు వేసింది, రెండు కుళాయిలకు వాషర్లు మార్చింది, మంటలు వేసుకునే గుంటల్లో బూడిద తోడింది. ఆ పనులన్నిట్లో ఆవిడ చేతులు వాటంతట అవే ఆడాయి. ఇక్కడికి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది.

డేరాలు వేసుకునే స్థలాలు మొత్తం పన్నెండు. పదకొండూ అరచెయ్యిలా చదునుగా ఉంటాయి. ఈ నాలుగోది ఎటు వాలి ఉందో కంటికి అందదు. నిరుడు మొదటి వానకే డేరాలోకి పరుపులు తేలేటన్ని నీళ్ళు వచ్చాయి. చంటిపిల్లతో వచ్చినవాళ్ళు తడిసిన దుప్పట్లు కార్లో కుక్కుకుని, తిట్టుకుంటూ పోయారు. తోడికోడళ్ళిద్దరి మధ్యా మిగిలిన ఆ కాస్త మాటా వాళ్ళతోపాటే పోయింది.

ఏటి పక్కన ఈ నేల కొన్న అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. నేల పని పెద్దావిడకూ, బుకింగ్ గదీ ఫోనూ చిన్నామెకూ మిగిలాయి. వచ్చినవాళ్ళు పెద్దావిడను పారమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది చిన్నామే, ముద్దుగా కాదు. పెద్దావిడ కూడా తక్కువ తినలేదు. తోడికోడల్ని 'కుర్చీ' అంటుంది. "కుర్చీ లేచిందా?", "కుర్చీకి కోపం వచ్చిందా?" అని కుళాయి బాగుచేయడానికి వచ్చినవాణ్ణి అడుగుతుంది, గదిలోకి వినిపించేట్టు.

ఇవాళ కుర్చీ వంతు. గది కిటికీ తీసే ఉంది, ఫోనులో మాటలు బయటికి వినిపిస్తున్నాయి.

"ఆ, రేపు పొద్దున్నే కంకర తీసుకొచ్చెయ్యండి. నాలుగో నంబరు నింపేస్తే కార్లు పెట్టుకోడానికి పనికొస్తుంది. అక్కడ ఎవరో తవ్వుతుంటారు, పట్టించుకోకండి."

పెద్దావిడ పార వంక చూసింది. "విన్నావా? మనం 'ఎవరో'నట."

మబ్బు ఏటికి అవతల గట్టిగా పట్టింది. సాయంత్రానికి వాన ఖాయం. ఆ వానకు ఈ చోటు పొడిగా నిలిస్తే కంకర బండిని ఏ మొహం పెట్టుకుని రమ్మంటుందో చూడాలి. నిలవకపోతే ఇరవై రెండేళ్ళు చెక్కిన నేలలో ఒక ముక్క కార్ల కిందకి పోతుంది. ఇవాళ ఒకటి, రేపు ఇంకోటి.

భర్త పాత చొక్కా చేతులు పైకి మడిచి, లెవెల్ గొట్టం తెచ్చుకుంది. తాపీమేస్త్రీలు వాడేదే. ముప్ఫై మూరల సన్నటి గొట్టం, లోపలి నీళ్ళు బయటికి కనిపిస్తాయి. దూరంగా రెండు మేకుల దగ్గర రెండు కొసలూ పట్టుకుంటే రెండింట్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. దాన్నిబట్టి నేల ఎటు పల్లమో తేలుతుంది. మోసుకెళ్ళేటప్పుడు ఒలకకుండా కొసలకు బొటనవేలు అడ్డం పెట్టాలి, కొలిచేటప్పుడు తీసెయ్యాలి. తియ్యకపోతే నీళ్ళు కదలవు. అందుకే ఒకరు "వేలు తీశావా?" అని కేకేస్తే, అవతలివాళ్ళు "తీశా" అనాలి.

నిరుడు అవతలి కొస పట్టుకున్నది చిన్నామె. తీశాననే అంది. నీళ్ళు నిండిన రోజున పెద్దావిడ ఆ చంటిపిల్ల తల్లి ముందే కడిగేసింది. "వేలు తియ్యలేదు. చేతిలో ఉన్నది గొట్టమో ఫోనో తెలియనివాళ్ళతో పని చేస్తే ఇంతే!"

ఇవాళ అవతలి కొస పట్టేవాళ్ళు లేరు. మేకుకు కట్టుకోవాలి. కట్టబోతూ రెండు కొసలూ దగ్గరకు చేర్చి చేతుల్లో పట్టుకుంది. పని మొదలుపెట్టేముందు నీళ్ళు సమానంగా ఉన్నాయో లేదో అలా చూసుకోవాలని మేస్త్రీ ఒకప్పుడు భార్యాభర్తలిద్దరికీ నేర్పాడు. భర్త ఉన్నన్నాళ్ళూ భుజం భుజం ఆనించి నిలబడి చూసేవాళ్ళు. చిన్నామె పక్కన అలా నిలబడటం ఇష్టంలేక నిరుడు ఆ ముక్క వదిలేసింది. ఎవరి కొస దగ్గర వాళ్ళే నిలబడ్డారు.

ఎడమచేతి కొసలో నీళ్ళు కుడిచేతి కొసలో కంటే వేలెడు ఎత్తున ఉన్నాయి.

ఆవిడ తన వేళ్ళు చూసుకుంది. రెండూ తీసే ఉన్నాయి. మళ్ళీ చూసింది. తను ఎప్పుడూ పట్టుకునే ఆ ఎడమ కొసకు మూరెడు కింద అతుకు ఉంది, దాని చుట్టూ తను చుట్టిన నల్ల టేపు ఉంది. గోటితో టేపు ఊడదీసింది. కింద బొటనవేలంత పొడుగు గాలి బుడగ. గొట్టాన్ని పైకెత్తి తడితే బుడుక్కుమని కొసలోంచి పోయింది. నీళ్ళు రెండుపక్కలా సమానంగా వచ్చి ఆగాయి.



తర్వాత రెండు కొసలూ రెండు మేకులకు కట్టి, అటూ ఇటూ నడిచి కొలిచింది. నేల నిరుడు అనుకున్నట్టు బాట వైపు కాదు, వెనక పొదల వైపు వాలి ఉంది. పాత కాలువ పూడ్చి, కొత్తది పొదల మీదుగా ఏటివైపుకి మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి మొద్దుబారింది. గునపం అదురుకేమో అనుకుని విదిలించుకుంది.

సాయంత్రం చిన్నామె గొడుగు పట్టుకుని వచ్చి గట్టుమీద నిలబడింది.

"ఇంత తవ్వి ఏం సాధిస్తావక్కా? పొద్దున్నే కంకర పడుతుంది."

పెద్దావిడ తలెత్తలేదు. "నిరుడు నువ్వు వేలు తీశావులే."

"ఏంటీ?"

"తీశావంటున్నా. గొట్టంలో గాలి ఉంది. నా వైపు."

"ఇప్పుడా చెప్పడం? ఏడాదిపాటు వచ్చేపోయేవాళ్ళందరి ముందూ నన్ను చేతకానిదాన్ని చేసి?"

"నాకూ ఇవాళే తెలిసింది. అంతమాత్రాన నీకు పని వచ్చని కాదు."

"ఆ నోటికి కూడా ఓ లెవెల్ గొట్టం ఉంటే బావుండేది," అని చిన్నామె విసవిసా వెళ్ళిపోయింది.

వాన మొదలైంది. పెద్దావిడ తట్ట బోర్లించి, కుళాయి దిమ్మకు వీపు ఆనించి కూర్చుంది. నీళ్ళు ఎర్రగా వచ్చాయి, నాలుగో నంబరు మూల దగ్గర ఒక్క క్షణం తటపటాయించాయి, కొత్త కాలువలోకి తిరిగి ఏటివైపు పరుగెత్తాయి.

చిన్నామె కిటికీలోంచి చూసింది. "అక్కా, లోపలికి రా! తడుస్తున్నావు!" అని మూడుసార్లు పిలిచింది. ఏడాదిలో లోపలికి పిలవడం అదే మొదటిసారి. ఆవిడ పలకలేదు. "ఏం పంతమో!" అని కిటికీ మూసుకుంది. వాన సన్నబడ్డాక ఉండబట్టలేక గొడుగు తీసుకుని వెళ్ళింది. భుజం పట్టి కదిపితే ఆవిడ తల పక్కకు వాలిపోయింది, ఒళ్ళు చల్లబడి ఉంది. ఆ గొడుగు ఆవిడ తలమీద పట్టుకుని, అప్పటికే అవసరం లేదని తెలిసి కూడా, చెయ్యి నొప్పెట్టేదాకా నిలబడింది.

తెల్లారి కంకర బండి వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "ఎవరో తవ్వుతుంటారన్నారు, ఇక్కడేనా?"

చిన్నామె నాలుగో నంబరు మధ్యలో నిలబడి ఉంది. అంత వాన కురిసినా నీళ్ళు నిలవలేదు. పాదాల కింద నేల గట్టిగా ఉంది.

"ఎవరో కాదు, మా అక్క తవ్వింది. బండి వెనక్కి తిప్పు."

బండి వెళ్ళిపోయింది. రెండు మేకులకూ కట్టిన గొట్టం అలాగే ఉంది. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలిచి ఉన్నాయి, దేనిమీదా ఎవరి వేలూ లేదు.