గాలికి లేవని ఎర్ర జెండా

నేను ఒక ఎర్ర జెండాని. ఏ పార్టీకీ చెందను. ఏ ఊరేగింపులోనూ నడవలేదు. రాళ్ల గుట్టల మధ్య ఉన్న పోలీసు ఫైరింగ్ రేంజిలో, ఒక గుంతలో నా ఉద్యోగం. నేను పైన నిలబడి ఉన్నంతసేపు అక్కడ తుపాకీ పేలకూడదు. ఎంత పెద్ద టోపీ వచ్చినా అంతే. ఇంత అధికారం ఉన్న గుడ్డముక్క ఈ జిల్లాలో ఇంకోటి లేదు. చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

రేంజి ఎలా ఉంటుందో చెబుతాను. ఒక చివర సిమెంటు అరుగు. కాల్చేవాళ్లు దానిమీద బోర్లా పడుకుంటారు. రెండో చివర గుట్టకు ఆనించి పోసిన మట్టికట్ట. గుండ్లన్నీ దాంట్లో పడాలి. కట్టకు ముందు చెక్క చట్రాలకు అంటించిన కాగితాలు, అవే టార్గెట్లు. వాటి కింద మనిషి నిలువు లోతున గుంత. అందులో ఇద్దరు కూర్చుంటారు. గుండ్లు వాళ్ల నెత్తిమీదుగా పోతుంటాయి.

ఈల మోగితే కాల్చడం ఆగాలి. తుపాకీ ఖాళీ చేయాలి. బోల్టు తెరిచి, గొట్టం కట్టవైపే ఉండేలా నేలమీద పెట్టి, లేచి వెనక్కి జరగాలి. అప్పుడు గుంతలోంచి నేను లేస్తాను. నేను లేచాకే మనిషి బయటికి వస్తాడు. చిల్లులు చూసి, మైదా బంకతో కాగితం ముక్కలు అంటించి, మళ్లీ దిగుతాడు. ఆఖరి మనిషి దిగాకే నేను దిగుతాను. ఇందులో తెలివితేటల పని ఏమీ లేదు. చెప్పినట్టు చేయడమే. మనుషులకు అదే కష్టం.

ఇంకో పని కూడా నాకు అప్పజెప్పారు. గుండు కాగితానికి తగలకపోతే నన్ను టార్గెట్ ముందు అటూ ఇటూ ఊపుతారు. తప్పిందని అర్థం. నాకు శత్రువులు పుట్టింది ఈ పనివల్లే. ప్రాణం కాపాడినందుకు ఎవరూ నా ముఖం గుర్తుపెట్టుకోరు, అక్కడ ఏమీ జరగలేదు కాబట్టి. తప్పు చూపించినందుకు మాత్రం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు.

నన్ను కుట్టింది ఈరమ్మ. రేంజి చూసుకునే హెడ్ కానిస్టేబుల్ సుంకన్న భార్య. పోలీసు లైన్లలో జాకెట్లు కుట్టేది. ముదురు ఎర్ర నూలు గుడ్డ తెచ్చి, అంచు రెండు మడతలు వేసి, కర్ర దూర్చడానికి గట్టి గొట్టంలా కుట్టింది. దారం పళ్లతో తెంపి, నన్ను మొగుడి చేతిలో పెట్టి ఒక్కటే చెప్పింది.

"ఇది పైనుంటేనే నువ్వు పైన. ఇది కిందుంటే నువ్వు కింద. ఈ మాట తప్పినావంటే ఇంటికి రావద్దు."

"తప్పితే ఇంటికి యాడొస్తాలే," అన్నాడు సుంకన్న.

ఆమె నవ్వలేదు.

సుంకన్న ఆ మాట దాటలేదు. ఆయన నోరు మంచిది కాదు. తుపాకీ పట్టుకుని పక్కకు తిరిగినవాణ్ణి, ఆజ్ఞ రాకముందే వేలు ట్రిగ్గర్ మీద పెట్టినవాణ్ణి, అందరిముందూ కడిగేసేవాడు. కుర్రాళ్లు ఏడ్చేవాళ్లు. ఏడ్చినవాళ్లంతా ప్రాణాలతో ఉన్నారు.

గుంతలో ఆయనకు తోడు కుళ్ళాయప్ప అనే హోంగార్డు. ఎండలో కూడలి దగ్గర ట్రాఫిక్ చూసి చూసి విసిగినవాడు. ఎలాగైనా డీఎస్పీ ఆఫీసులో, ఫ్యాను కింద డ్యూటీ పడాలని వాడి కోరిక. చెడ్డవాడు కాదు. మెత్తనివాడు. రేంజిలో మెత్తనివాడితోనే ప్రమాదం.

ఆ ఏడు డీఎస్పీ కమలాకర్ ఫైరింగుకు వచ్చాడు. బావమరిదినీ, ఇద్దరు స్నేహితులనీ వెంటబెట్టుకొచ్చాడు. కాల్చడం అయిపోగానే టార్గెట్ దగ్గరికి స్వయంగా నడిచివెళ్లి చుట్టాలకు చూపించడం ఆయన సరదా. ఆయన గుండు కాగితానికి తగలడం అరుదు. ఇది ఎస్సై మురహరికి తెలుసు. మురహరి పొద్దున్నే గుంత దగ్గరికి వచ్చాడు.

"సుంకన్నా, ఈ పొద్దు ఆ ఎర్ర గుడ్డ ఊపొద్దు. సార్ చుట్టాలొచ్చినారు."

"తప్పిన గుండు తప్పిందనే చూపిస్తా సార్."

"నువ్వు ఊపకుంటే కొంపలేం మునగవు గానీ, అది నాకు కనపడకూడదు. అంతే."

మురహరి నన్ను తీసి కర్రకు చుట్టి, బంక డబ్బా కింద పెట్టాడు. డబ్బా బరువు నా మీద పడింది. సుంకన్న పళ్లు కొరుక్కున్నాడు. గుంత రెండో చివరకు పోయి, విరిగిన చట్రానికి మేకులు కొట్టుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు మురహరి కుళ్ళాయప్ప పక్కన గొంతుక్కూర్చుని గొంతు తగ్గించాడు.

"పెన్సిలు ఉందా?"

"ఉంది సార్."

ఈ పెన్సిలు సంగతి చెప్పాలి. రేంజిలో ఇది నాకన్నా పాతది. పెద్దవాళ్లు కాల్చినప్పుడు తక్కువపడిన చిల్లులను పెన్సిలు పూర్తిచేస్తుంది. గుండు లావు, పెన్సిలు లావు ఇంచుమించు ఒకటే. మామూలుగా నేను పైకి లేచాక, మనుషులు బయటికి వచ్చినప్పుడే ఈ పని జరుగుతుంది. నాకు అసహ్యమే. కానీ ఎవరి ప్రాణమూ పోదు. ఆ రోజు అలా కుదరదు. ఈల మోగగానే డీఎస్పీ చుట్టాలతో టార్గెట్ దగ్గరికి వస్తాడు. అప్పటికే చిల్లులు ఉండాలి. అంటే ఈలకు ముందే, నేను లేవకముందే, మనిషి బయటికి రావాలి.

"సార్ పదో గుండు అయిపోతానే నీకు మిస్డ్ కాల్ ఇస్తా. గబుక్కున ఎక్కి, చట్రం వెనకనుంచి పొడిచి దిగు. ఎవరికీ తెలీదు. ఆఫీసు డ్యూటీ సంగతి నేను సార్‌తో మాట్లాడతా."

"జెండా ఎత్తకుండానా సార్?"

"ఎత్తితే అందరూ చూడరా? బుద్ధుందా నీకు?"

కుళ్ళాయప్పకు బుద్ధి ఉంది. ఫ్యాను కూడా కావాలి.

కాల్పులు మొదలయ్యాయి. గుండు ఎక్కడ తగిలిందో గుంతలోంచి పొడుగాటి కర్రతో చూపించాలి. మొదటి గుండు గుట్టెక్కి పోయింది. కుళ్ళాయప్ప కర్ర ఎత్తి కాగితం నడిబొడ్డున పెట్టాడు. రెండోది కట్టలో దుమ్ము లేపింది. కర్ర మళ్లీ నడిమధ్యకే పోయింది. పదింటికి రెండే కాగితాన్ని తాకాయి. కర్ర మాత్రం తొమ్మిదిసార్లు పొగిడింది. ఒక్కటి తప్పినట్టు వదిలేశాడు, నమ్మకం కుదరడానికి.

కుళ్ళాయప్ప జేబులో ఫోను వణికింది. వాడు పెన్సిలు పళ్లమధ్య పెట్టుకుని నిచ్చెన ఎక్కాడు.

అరుగు దగ్గర అప్పుడు ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. కొత్తగా చేరిన కానిస్టేబుల్ రమీజా ఆ పక్కనే ఖాళీ తూటాలు ఏరుతోంది. ఆ సాయంత్రమే ఆమె ఈరమ్మకు చెబుతుండగా విన్నాను. పదికి తొమ్మిది తగిలాయని చూసి డీఎస్పీ మురిసిపోయాడట. లేవలేదు. ఇంకో ఐదు తూటాలు అడిగి తీసుకుని నింపాడట. మురహరి ముఖం పాలిపోయింది. మనిషి బయట ఉన్నాడని లోకంలో తెలిసినవాడు వాడొక్కడే. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే పెన్సిలు బయటపడుతుంది.

"సార్, ముందు టీ తాగుదాం సార్," అన్నాడట. "చల్లారిపోతాంది."

"ఉండవయ్యా, చెయ్యి కుదిరింది," అన్నాడట డీఎస్పీ.

మురహరి ఇంకేమీ అనలేదు. ఒక మనిషి ప్రాణానికి వాడు ఖర్చుపెట్టింది ఒక టీ మాట. నేను దీన్ని క్షమించను. క్షమించమని ఎవరైనా చెబితే వినను.

ఇక్కడ గుంతలో సుంకన్న తలెత్తి చూశాడు. నిచ్చెన మీద కుళ్ళాయప్ప చెప్పులు కనిపించాయి. తర్వాత అవీ కనిపించలేదు. సుంకన్న అరవలేదు. రెండు వందల గజాల అవతలికి, ఎదురుగాలిలో, అరిచినా చేరదని తెలుసు. బంక డబ్బాను కాలితో తన్నాడు. మైదా నేలపాలైంది. నన్ను విదిలించి, గుంత అంచు మీదుగా, చట్రం వెనక ఏడో చిల్లు పొడుస్తున్న కుళ్ళాయప్ప ముందు నిటారుగా నిలబెట్టాడు. ఊపలేదు. బిగపట్టి నిలబెట్టాడు.

నేను లేవడమూ, గుండు రావడమూ ఒక్కసారే జరిగాయి.

అది సుంకన్న పిడికిలికి జానెడు పైన నాలోంచి దూరింది. కాగితాన్ని తప్పి, కుళ్ళాయప్ప చెవి పక్కగా పోయి కట్టలో కూరుకుపోయింది. నేను గుడ్డని, గుండును ఆపలేను. నా పని గుండును ఆపడం కాదు, వేలును ఆపడం. తుపాకీలో ఇంకా నాలుగు ఉన్నాయి.

రమీజా నన్ను చూసింది. రేంజిలో ఒక రూలు ఉంది. ప్రమాదం కంటబడితే ఆపమని ఎవరైనా అరవొచ్చు, అరవాలి. ఆ రూలు గోడమీద రాసి ఉంటుంది. డీఎస్పీ చెవి పక్కన నిలబడి దాన్ని పాటించినవాళ్లు నాకు తెలిసి ఆమె ఒక్కతే. "స్టాప్" అని గొంతు చించుకుంది.

డీఎస్పీ గురించి ఒక మంచి మాట చెప్పాలి. అది ఒక్కటే ఉంది కాబట్టి చెప్పేస్తాను. ఆ అరుపు వినగానే వేలు తీసేశాడు. బోల్టు తెరిచాడు. తుపాకీ కట్టవైపే నేలమీద పెట్టి వెనక్కి జరిగాడు. ఎవరు అరిచారని ముందు అడగలేదు. అడిగి ఉంటే కుళ్ళాయప్ప ఉండేవాడు కాదు.

"ఏమైందయ్యా?" అన్నాడట తర్వాత.

"ఏం లేదు సార్. జెండా గాలికి లేచింది," అన్నాడు మురహరి. రమీజా వైపు తిరిగి, "పెద్దసారు మీద అరుస్తావా?" అని కసిరాడు కూడా.

గాలికి లేచిందట. నన్ను రెండు చేతులతో బిగించి నిలబెట్టిన మనిషి, చిరిగిన నా గుడ్డ, చెవి పట్టుకుని గుంతలో కూలబడిన వెధవ, అన్నీ గాలేనట.

డీఎస్పీ చుట్టాలతో వచ్చి తొమ్మిది చిల్లులు చూసుకుని మురిశాడు. ఆ కాగితం విప్పించుకుని తీసుకుపోయాడు. సుంకన్న నన్ను చుట్టి చంకలో పెట్టుకున్నాడు. చెప్పి ఉండొచ్చు. చెబితే కుళ్ళాయప్ప ఉద్యోగం పోతుంది. వాడు కాళ్లమీద పడి ఉన్నాడు. సుంకన్న నోరు మూసుకున్నాడు. ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చనిది ఇదొక్కటే.

సాయంత్రం ఈరమ్మ నన్ను దులిపింది. చిల్లు వెలుతురుకు పట్టి చూసింది. పిడికిలి పట్టుకునే చోటునుంచి అక్కడికి జానతో కొలిచింది. మొగుణ్ణి ఏమీ అడగలేదు. సూదిలో తెల్లదారం ఎక్కించింది. పూడుస్తుందనుకున్నాను. పూడ్చలేదు. చొక్కాకు కుట్టినట్టు, చిల్లు చుట్టూ కాజా కుట్టింది. ఇక అది పెద్దదవదు. మూసుకోదు కూడా.

మర్నాడు కుళ్ళాయప్ప ఇంటిముందుకొచ్చి నిలబడితే ఆమె తలుపు దగ్గరినుంచే చెప్పింది.

"ఈ ఇంట్లో నీకు అన్నం లేదప్పా. మా ఆయప్పను చంపబోయినావు."

"నేనే గదక్కా చచ్చేవాణ్ణి."

"నువ్వు చస్తే ఆయప్ప బతుకుతాడా?"

వాడు వచ్చిన దారినే తిరిగిపోయాడు.

కొన్నేళ్లకు ఈరమ్మ జ్వరంతో పోయింది. ఆమె పోయాక రేంజికి కొత్తగా నైలాన్ జెండాలు వచ్చాయి. గాలికి పటపటమంటాయి. చూడటానికి బాగుంటాయి. సుంకన్న వాటిని గుట్టమీద కట్టించాడు. గుంతలోకి మాత్రం నన్నే తీసుకెళ్లాడు. ఉద్యోగం అయిపోయిన రోజు నన్ను కుళ్ళాయప్ప చేతిలో పెట్టాడు.

"నువ్వే పట్టుకో. ఇంగెవురూ వద్దు."

కుళ్ళాయప్ప దాన్ని మన్నింపు అనుకుని కళ్లు తుడుచుకున్నాడు. మన్నింపు కాదు. సుంకన్నను నేను వాడికన్నా బాగా ఎరుగుదును. అది శిక్ష. వాడు శిక్షను బాగా మోశాడు, అది ఒప్పుకోవాలి. ఆఫీసు డ్యూటీ మళ్లీ అడగలేదు. నన్ను ఎత్తకుండా నిచ్చెన మీద కాలు పెట్టలేదు. కుర్రాళ్లు చిల్లు చూసి అడిగితే మాత్రం, "ఎలక కొట్టిందిలే" అనేవాడు. కాజా కుట్టిన ఎలక ఎక్కడుంటుందో ఎవరూ అడగలేదు.

మొన్న కొత్త బ్యాచి వచ్చింది. వాళ్లకు నాలుగు మాటలు చెప్పడానికి కమలాకర్‌ను పిలిచారు. ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. తెల్లజుట్టు. చేతికర్ర. కుర్రాళ్లు షెడ్డులో వరసగా కూర్చున్నారు. ఆయన ఆ నాటి ఫైరింగు చెప్పాడు.

"పదికి తొమ్మిది. కాగితం మా ఇంట్లో అద్దం కట్టించి పెట్టినా. ఇంకో ఐదు కొట్టేవాణ్ణే గానీ, జెండా ఒకటి గాలికి లేచి చెడగొట్టింది."

కుర్రాళ్లు నవ్వారు. కుళ్ళాయప్ప నన్ను పట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు. వాడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"గాలి కాదు సార్," అన్నాడు.

కమలాకర్ కళ్లు చిట్లించి చూశాడు. "ఎవరప్పా నువ్వు?"

"గుంతలో ఉండేవాణ్ణి సార్. ఆ పొద్దు జెండా ఎత్తకుండా బయటికొస్తి. పెన్సిలు పట్టుకోని. సుంకన్న చూసి దీన్ని నిలబెట్టినాడు."

కుర్రాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

"పెన్సిలా," అన్నాడు కమలాకర్. "అట్లయితే నా తొమ్మిది?"

"రెండు మీవే సార్. ఏడు నావి." కుళ్ళాయప్ప నన్ను విప్పి పట్టుకుని కాజాలోంచి వేలు బయటికి పెట్టాడు. "ఇదొగటి కూడా మీదే."

ముసలాయన దగ్గరికి వచ్చాడు. తన వేలు కూడా పెట్టి చూశాడు. దారం అంచును తడిమాడు.

"నీకెంత దూరంలో పోయింది?"

కుళ్ళాయప్ప చెవి తాకి చూపించాడు. కమలాకర్ తల దించుకున్నాడు. కుర్చీ దాకా నడిచి, కూర్చోకుండా, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. మంచిదే. కానీ ముందు మార్కులు అడిగాడు, తర్వాత మనిషిని అడిగాడు. నేను మరిచిపోను.

మధ్యాహ్నం ఆ బ్యాచి మొదటి ఫైరింగు. ఈల మోగింది. బోల్టులు తెరుచుకున్నాయి. కుర్రాళ్లు లేచి వెనక్కి జరిగారు. కుళ్ళాయప్ప నన్ను ఎత్తాడు. అరుగు మీద తుపాకులన్నీ కట్టవైపు పడుకుని ఉన్నాయి. చేతులన్నీ ఖాళీగా ఉన్నాయి. చూడటానికి వచ్చిన ముసలాయన చేతికర్ర కూడా ఎందుకో నేలమీద పెట్టేసి నిలబడ్డాడు. కాజాలోంచి గాలి దూరి పోతోంది. అది నన్ను కదిలించలేదు.

చిల్లులన్నీ లెక్కపెట్టాక కుళ్ళాయప్ప గుంతలోకి దిగాడు. నన్ను మాత్రం తొందరగా దించలేదు.